మెట్లు ఎక్కేవాళ్లకా, దిగేవాళ్లకా?

సావనీర్‌కు ఏదైనా రాసివ్వమని మిత్రులు అడిగినప్పుడు చాలా ఆలోచించాను. యువత కర్తవ్యం గురించి, దేశ భవిష్యత్తు గురించి రాయగలవాళ్లు మన కాలేజీలో చాలామంది ఉన్నారు. నేను మాత్రం మెట్ల గురించి రాస్తున్నాను. నవ్వకండి. మనలో సగం మందిమి పొద్దున కాలేజీకి, సాయంత్రం ఏదో ఒక కాంప్లెక్సు మూడో అంతస్తులో ఉన్న కోచింగ్‌కు పోయేవాళ్లమే. ఆ మూడో అంతస్తుకూ భూమికీ మధ్య మనకున్న సంబంధం మెట్లొక్కటే గదా!

పోయిన సంవత్సరం ఫీజు కట్టడానికి మా అమ్మ కరీంనగర్ వచ్చింది. మాది జన్నారం దిక్కు పల్లె; ఒకప్పటి ఆదిలాబాద్ జిల్లా, 2016 నుంచి మంచిర్యాల జిల్లా. వరి, పత్తి మా వ్యవసాయం. ఏళ్ల తరబడి వంగి నాట్లు వేసిన మోకాళ్లు ఆమెవి. కోచింగ్ సెంటరుకు పోయేవి భవనం పక్క సందులో బయట అతికించిన ఇనుప మెట్లు. ఎట్లనో ఎక్కింది. దిగేటప్పుడు మాత్రం పై మెట్టు మీద నిలబడి ఒకసారి కిందికి చూసి, వెనక్కి తిరిగి, రెండు చేతులా రెయిలింగ్ పట్టుకొని నిచ్చెన దిగినట్లు దిగింది. వెనక ఆగిన పిల్లల్లో కొందరు నవ్వారు. కిందికి చేరినంక అమ్మ అడిగింది: "ఇవి మెట్లా బిడ్డా, అటక మీది నిచ్చెననా?"

మా ఇంట్లో అటక మీదికి తాతల కాలం నాటి టేకు నిచ్చెన ఒకటి ఉంది. దాన్ని ఎవరైనా ముఖం నిచ్చెన వైపు పెట్టే దిగుతారు. నిలువు ఎక్కువైతే ఎట్ల దిగాలో మనిషికి శరీరమే చెబుతుంది. మా అమ్మకు నిర్మాణ శాస్త్రం తెలియదు గాని, అవి మెట్లు కావని కాలితో కనిపెట్టింది.

మరునాడు టేపు తీసుకొని పోయి కొలిచాను. మెట్టు ఎత్తు 8½ అంగుళాలు, అడుగు పెట్టే పలక 9 అంగుళాలు, వెడల్పు రెండున్నర అడుగులు. నా చెప్పు పొడవే పది అంగుళాలు దాటుతుంది. అంటే దిగేటప్పుడు పాదం కొస గాలిలో ఉన్నట్లే లెక్క. మన దేశానికి జాతీయ భవన నిర్మాణ స్మృతి అని ఒకటి ఉంది, 2016లో సవరించి వేశారు. ఇళ్లు కాని భవనాల్లో మెట్టు ఎత్తు 150 మిల్లీమీటర్లు మించరాదని, పలక 300 మిల్లీమీటర్లకు తగ్గరాదని అందులో ఉంది. దుకాణాల భవనాల్లో మెట్ల వెడల్పు మీటరున్నర ఉండాలి. మన భాషలో చెప్పుకుంటే ఆరంగుళాల ఎత్తు, అడుగు పలక, అయిదడుగుల వెడల్పు.

ఈ సంగతి మా బావకు చెప్పాను. అక్కను ఇచ్చిన బావ. ఆయనకు వెల్డింగ్ షాపు ఉంది, రెండు వేసవులు నేను అక్కడ చెయ్యి సాయానికి పోయాను. ఆయన గ్రైండర్ ఆపి, "బామ్మర్దీ, ఓనరు చూపిన జాగల మెట్లు దిగాలె. జాగ రెండున్నర ఫీట్లిస్తే నేను అయిదు ఫీట్లు యాడికెల్లి తేను?" అన్నాడు. మొదట నాకు కోపం వచ్చింది. తర్వాత గ్రాఫు కాగితం మీద లెక్క వేసి చూస్తే అసలు రహస్యం బయటపడింది.

కోచింగ్ సెంటరులో అంతస్తుకూ అంతస్తుకూ మధ్య ఎత్తు సుమారు పదడుగుల ఏడున్నర అంగుళాలు. 8½ అంగుళాల లెక్కన 15 ఎత్తులతో పైకి చేరవచ్చు. ఒకే వరుస, పదిన్నర అడుగుల పొడవు, రెండున్నర అడుగుల వెడల్పు: మొత్తం 26 చదరపు అడుగులు. అదే ఆరంగుళాల లోపు పెడితే 22 ఎత్తులు కావాలి. పదకొండేసి రెండు వరుసలు, మధ్యలో మలుపు దగ్గర అయిదడుగుల ల్యాండింగ్. పది అడుగుల వెడల్పు, పదిహేను అడుగుల పొడవు. పై ల్యాండింగ్ కలపకుండానే 150 చదరపు అడుగులు. తేడా 124. పది అడుగులకు పన్నెండు అడుగుల షట్టరు ఒకటి పట్టే జాగ! నెలనెలా కిరాయి వచ్చే షట్టరును ఎవరు మాత్రం మెట్లకు ధారపోస్తారు? మన ఊళ్ల వాణిజ్య భవనాల్లో మెట్లు నిలువుగా, ఇరుకుగా ఉండటానికి కారణం మేస్త్రీ తెలివితక్కువతనమూ కాదు, వెల్డరు అజ్ఞానమూ కాదు. మెట్లకు కిరాయి రాదు. అంతే.

ఇప్పుడు ఇంకొక ముచ్చట నడుస్తున్నది. కొత్తగా కట్టే షోరూములలో ఇనుప ఛానళ్ల మీద టేకు పలకలు పరిచి మెట్లు కడుతున్నారు. చూడటానికి చక్కగా ఉంటాయి. ఆదిలాబాద్ టేకు అంటే మనకు అభిమానం ఉండటం సహజమే. కాని మన పెద్దలు ఏ పనికి ఏ కర్ర అన్నది తెలిసి వాడారు. నాగలికీ బండి చక్రానికీ తుమ్మ, దర్వాజకు టేకు, నిర్మల్ బొమ్మకు పొనికి. పొనికితో నాగలి చేసిన వడ్లాయనను ఎవరైనా చూశారా? అదే న్యాయం మెట్లకూ వర్తిస్తుంది. లోపలి మెట్లు మండని పదార్థంతోనే కట్టాలని పైన చెప్పిన స్మృతి చెబుతున్నది. ఒక షోరూములో కింది నుంచి పై వరుసకు పోవటానికి, అసలు మెట్లు వేరే ఉన్నప్పుడు, అలంకారానికి టేకు మెట్లు పెట్టుకోవచ్చు. అందులో నాకు పేచీ లేదు. జనమంతా ప్రాణం కాపాడుకోవటానికి పరుగెత్తే దారికి మాత్రం అది తగదు.

"అయితే ఇనుము పెడదాం, ఇనుము కాలదు గదా" అంటారు. ఇది సగం నిజం. లావుపాటి టేకు దూలం నిప్పులో పైపొర బొగ్గుగా మారుతూ మెల్లగా తరుగుతుంది, నిమిషానికి మిల్లీమీటరు కూడా పోదు. లోపలి కర్ర కొంతసేపు బరువు మోస్తూనే ఉంటుంది. పలుచని ఇనుము మంట అంటుకోదు గాని వేడిని ఊరికే పీల్చుకుంటుంది. 550, 600 డిగ్రీల దగ్గర దాని బలం సుమారు సగానికి పడిపోతుంది. కాబట్టి కర్రా ఇనుమా అన్న వాదం కన్నా, ఆ మెట్లు ఎక్కడికి దిగుతున్నాయి, వాటి కింద ఏమున్నది అన్నది ముందు అడగవలసిన ప్రశ్న.

ఈ మాట ఊహించి చెబుతున్నది కాదు. 2019 మే 24న సూరత్‌లో తక్షశిల ఆర్కేడ్ అనే భవనం పై అంతస్తులో కోచింగ్‌కు వచ్చిన 22 మంది విద్యార్థులు చనిపోయారు. పైకి పోయే కర్ర మెట్లు కాలిపోయాయి, పిల్లలు కిటికీల్లోంచి దూకారు. 2022 మార్చి 23న సికింద్రాబాద్ బోయిగూడ తుక్కు గోదాములో బిహార్ కూలీలు 11 మంది పై గదిలో నిద్రలోనే చిక్కుకున్నారు. వాళ్లకున్న ఒకే ఒక చుట్టు మెట్ల దారి మంటలున్న గోదాములోకే దిగుతుంది. అదే సంవత్సరం సెప్టెంబరు 12న సికింద్రాబాద్‌లోనే, కింద ఎలక్ట్రిక్ స్కూటర్లు, పైన లాడ్జి ఉన్న భవనంలో 8 మంది పోయారు. 2023 మార్చి 16న స్వప్నలోక్ కాంప్లెక్సులో పొగకు ఊపిరాడక చనిపోయిన ఆరుగురూ మన వయసు వాళ్లే, వరంగల్, ఖమ్మం, మహబూబాబాద్ వైపు నుంచి ఉద్యోగానికి పోయిన పిల్లలు. 2025 మే 18న చార్మినార్ దగ్గర గుల్జార్ హౌజ్‌లో కింద నగల దుకాణాలు, పైన కుటుంబం, 17 మంది. అక్కడ మెట్ల వెడల్పు ఒక మీటరని అగ్నిమాపక శాఖే చెప్పింది. వీళ్లలో చాలామందిని చంపింది మంట కాదు, పొగ. కింద రాజుకున్న పొగకు మెట్ల దారి పొయ్యి గొట్టం వంటిది. మనం దిగాలనుకునే దారిలోనే అది ఎక్కి వస్తుంది.

అందుకే రెండో మెట్ల దారి కావాలంటాను. రెండోది బయట ఇనుపదే కానీయండి, తప్పు లేదు. బావ వంటి వాళ్లు దాన్ని శుభ్రంగా చేయగలరు. కింద స్కూటర్ల పార్కింగు, జనరేటరు, టిఫిన్ సెంటరు పొయ్యి లేని వైపు పెట్టాలి. జారకుండా గళ్ల పలక వేయాలి. వానకు నీళ్లు నిలిచే అడుగు భాగం ముందుగా తుప్పు పడుతుంది గనుక ఛానల్ కాళ్లను నేల మీద కాక కాంక్రీటు దిమ్మె మీద నిలపాలి. బరువు సంగతికొస్తే, దుకాణాల మెట్ల మీద చదరపు మీటరుకు నాలుగు క్వింటాళ్లు లెక్క కట్టమంటారు. మీటరున్నర వెడల్పు, మూడు మీటర్ల వరుస మీద పద్దెనిమిది క్వింటాళ్లు. రైతు బిడ్డగా నాకు ఇట్ల చెబితేనే అర్థమవుతుంది: ఐకేపీ సెంటరులో తూకం వేసే నలభై కిలోల వడ్ల బస్తాలు నలభై అయిదు ఒకేసారి ఆ వరుస మీద పేర్చినట్లు. కోచింగ్ సెంటరు మెట్ల మీద నలుగురం కలిసి దిగితేనే ఊగుతుంది.

టేకు మీద ప్రేమ తీరనివాళ్లకు ఒక చోటు చూపిస్తాను. మే నెలలో, రామగుండం వంటి చోట ఎండ 45 డిగ్రీలు దాటినప్పుడు, బయటి ఇనుప రెయిలింగ్ పట్టుకుంటే చెయ్యి కాలుతుంది. ఆ పక్కనే ఎండలో ఉన్న కర్ర అంతగా కాలదు. రెండింటి వేడీ ఒకటే అయినా, ఇనుము ఉష్ణవాహకత టేకు కన్నా సుమారు 300 రెట్లు ఎక్కువ గనుక వేడిని తొందరగా చేతికి అందిస్తుంది (మన ఫస్టియర్ ఫిజిక్సులో చదివి మరచిపోయినదే). చెయ్యి కాలితే పట్టు వదులుతాం. బయటి మెట్లకు పట్టుకునే చోట టేకు కట్టె వేయండి, ముసలివాళ్లు దీవిస్తారు.

ఓనర్ల బాధ నాకు తెలియక కాదు. బ్యాంకు అప్పు తెచ్చి కడతారు, జాగ గజాలలో కొంటారు. బావ షాపుకు వచ్చిన ఒక పెద్దమనిషికి నా గ్రాఫు కాగితం చూపిస్తే, "మంచిగ గీసినవు పోరడా, ఆ షట్టరు కిరాయి మీ బాపు ఇస్తడా?" అన్నాడు. దానికి నా దగ్గర ఇంకా జవాబు లేదు. కాని ఒక గది కిరాయికి పోతే ఒక్క సంవత్సరంలో లెక్క తేలుతుంది, ఆ గదిలో రోజూ ఎనభై మంది పిల్లలు కూర్చుంటారన్న లెక్క ఎవరూ వేయటం లేదు.

మన విద్యార్థి సంఘం బస్ పాసుల కోసం, స్కాలర్‌షిప్పుల కోసం పోరాడుతున్నది, మంచిదే. ఈ సంవత్సరం ఒక టేపు కూడా కొని, మనం చదివే కోచింగ్ సెంటర్ల మెట్లు కొలిచి, రెండో దారి లేనివాటి జాబితా మునిసిపల్ కమిషనరు గారికీ, అగ్నిమాపక శాఖకూ ఇవ్వాలని నా విజ్ఞప్తి. టేపు పట్టడానికి నేను వస్తాను.

అమ్మ ఆ తర్వాత మళ్లీ పైకి రాలేదు. ఫీజు డబ్బులు తెచ్చినప్పుడు సందు మొదట్లో నిలబడి ఫోన్ చేస్తుంది. నేనే దిగి వస్తాను.