ఎకరాకు 40 చెట్లు, అరచేతిలో అంగడి

మామిడి రైతు ఫోన్‌లో పండు అమ్ముకుంటే దళారీ బెడద తప్పుతుందని, అది తప్పితే ఆదాయం పెరుగుతుందని, ఆదాయం పెరిగితే తోట దిగుబడి కూడా దానంతటదే పెరుగుతుందని చెప్పే మూడు మెట్ల వాదన ఒకటుంది. ఏటా ఏప్రిల్‌లో బంగినపల్లి కాయ పక్వానికి వచ్చే వేళకు అది కూడా మాగి, విధాన పత్రాల్లోకీ వేదికల మీది ప్రసంగాల్లోకీ వ్యాపార పుటల్లోకీ చేరుతుంది. ఈ మెట్లలో మొదటిది కొంతవరకు నిజం, రెండోది కొందరి విషయంలో నిజం, మూడోది మాత్రం చెట్టు వైపు తలెత్తి చూడకుండా కట్టిన ఊహ. ఆన్‌లైన్ అమ్మకం ధరను మార్చగలదు గాని, ఉత్పాదకతను, అంటే ఎకరా నేల నుంచి చేతికొచ్చే పంట పరిమాణాన్ని, మార్చేది తోటలో జరిగే పని. ఆ పని చేయవలసిన బాధ్యత ఎవరి మీద ఉందో, చేయడానికి డబ్బు ఎక్కడి నుంచి వస్తుందో అడగకుండా వేదికలు, యాప్‌లు, నమోదైన రైతుల సంఖ్యలు లెక్కపెడుతూ కూర్చునే విధానం చిన్న తోటల రైతుకు ఒరగబెట్టేది స్వల్పం.

ఈ చర్చలో ఎవరూ పట్టించుకోని అంకె ఒకటుంది: ఎకరాకు 40 చెట్లు. పాత పద్ధతిలో మామిడి మొక్కను మొక్కకూ మొక్కకూ మధ్య, వరుసకూ వరుసకూ మధ్య 10 మీటర్ల ఎడంతో నాటేవారు. ఆ లెక్కన హెక్టారుకు 100, ఎకరాకు 40 చెట్లు పడతాయి. అదే నేలలో 5 మీటర్ల ఎడం పాటిస్తే ఎకరాకు 160 చెట్లు, అతి సాంద్ర పద్ధతిగా పిలిచే 3 మీటర్లు, 2 మీటర్ల ఎడంలో 670కి పైగా చెట్లు పడతాయి. 2015-16 వ్యవసాయ గణన ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో సగటు కమతం 0.94 హెక్టారు, తెలంగాణలో 1 హెక్టారు; అంటే ఉన్న భూమంతా పాత మామిడి తోటగా ఉన్న సగటు రైతుకు మొత్తం ఆస్తి వంద చెట్లకు మించదు. ఆ వంద చెట్లూ కొమ్మలు కలిసిపోయి, లోపలికి ఎండపొడ దూరక, పైన చిటారున మాత్రమే కాస్తూ, ఒక ఏడాది విరగకాసి మరుసటి ఏడాది విశ్రాంతి తీసుకుంటున్నప్పుడు, వాటి కాయను ఏ తెర మీద అమ్మినా చెట్టుకు కాసే కాయల సంఖ్య మారదు.

ఆన్‌లైన్ పక్షం వహించేవారు ఎక్కువగా చేతపట్టుకునే అంకె వేరు. 2024 అక్టోబరులో వెలువడిన రిజర్వ్ బ్యాంక్ వర్కింగ్ పేపర్ ఒకటి, వినియోగదారుడు మామిడికి పెట్టే ప్రతి 100 రూపాయల్లో రైతుకు దక్కేది సుమారు 43 రూపాయలని, ద్రాక్షలో 35, అరటిలో 31 అని అంచనా కట్టింది. మిగిలిన 57 రూపాయల్లో కొంతైనా రైతు వైపు మళ్లాలనడంలో ఎవరికీ భిన్నాభిప్రాయం ఉండదు. కాని ఆ అంకె రూపాయి ఎలా పంచుకోబడుతోందో చెబుతుంది తప్ప ఎకరాకు ఎన్ని కిలోలు పండాయో చెప్పదు. వాటా 43 నుంచి 60కి చేరినా ఎకరాకు చెట్లు 40గానే ఉంటాయి.

అసలు చిక్కు అర్థం కావాలంటే మామిడి తోట సంవత్సరాన్ని చూడాలి. కోత ముగిసిన జూన్, జులై నెలల్లో ఎండుకొమ్మలు, అడ్డకొమ్మలు కత్తిరించి, తొలకరి పదునులో ఎరువు వేయాలి. వర్షాకాలంలో వచ్చే కొత్త చిగురును పురుగు నుంచి కాపాడుకోవాలి. చలికాలం మొదట్లో నీరు ఆపి చెట్టును బెట్టకు గురిచేయాలి. డిసెంబరు, జనవరిలో పూత, ఆ వెంటే తేనెమంచు పురుగు, తామర పురుగు. ఫిబ్రవరిలో పిందె, మార్చిలో టెంక కట్టడం, ఏప్రిల్ నుంచి కోత. దిగుబడిని నిర్ణయించే పనుల్లో అధిక భాగం జూన్‌కూ జనవరికీ మధ్య జరగాలి. ఆన్‌లైన్ అమ్మకం తాకేది చివరి యాభై, అరవై రోజులను మాత్రమే. పైగా చాలా తోటల్లో ఆ రోజులు వచ్చేసరికి కాయ రైతుది కాదు. పూత దశలోనే, కొన్నిచోట్ల పూతకు ముందే, చెట్లను చూసి గుండుగుత్తగా ధర కట్టి, బయానా ఇచ్చి, కాపు మొత్తాన్ని వ్యాపారి కొనేసుకుంటాడు. దీన్నే తోట గుత్తకివ్వడమంటారు. రైతుకు ఆ బయానా పిల్లల ఫీజుకో పాత అప్పుకో అక్కరకొస్తుంది, ఈదురుగాలికి కాయ రాలే నష్టభయం కూడా చాలావరకు అవతలివాడి మీదికి పోతుంది కాబట్టి దీన్ని అమాయకత్వంగా కొట్టిపారేయడం తగదు.

అయితే ఈ ఏర్పాటులో చెట్టు అనాథ అవుతుంది. ఒక్క కాపుకే వచ్చిన గుత్తదారు జనవరిలో దిగి జూన్‌లో వెళ్లిపోతాడు. వచ్చే ఏడాది ఆ చెట్టు కాస్తుందా లేదా అన్నది అతని లెక్కలో ఉండవలసిన కారణం లేదు. ఆకు పెరుగుదలను అణచి పూతను రప్పించే పాక్లోబ్యూట్రజాల్ వంటి మందును మోతాదు మీరి పోయించినా, దాని ఫలితంగా క్షీణించే చెట్టు అతనిది కాదు. రైతుకేమో కాపు ముందే అమ్ముడైపోయింది కాబట్టి అదనంగా కాసే కాయ మీద హక్కు లేదు, హక్కు లేని కాయ కోసం కూలీలను పెట్టి కొమ్మలు కొట్టించడు. ఎకరాకు 40 చెట్లు ముదిరి, గుబురెక్కి, అలాగే ఉండిపోవడానికి ప్రధాన కారణాల్లో ఇది ఒకటి. ఇలాంటి తోటకు ఆన్‌లైన్ అంగడి వచ్చిందంటే దాన్ని వాడుకునేది గుత్తదారే. అతను ఫోన్ పట్టుకున్నంత మాత్రాన రైతు చెట్టుకు ఎరువు పడదు.

కాయను తన చేతిలోనే ఉంచుకున్న రైతు విషయానికి వస్తే, ఇంటికి పంపే 5 కిలోల అట్టపెట్టెను దగ్గరగా చూడాలి. అందులో పన్నెండు నుంచి పదహారు బంగినపల్లి కాయలు పడతాయి, అన్నీ దాదాపు ఒకే పరిమాణంలో ఉండాలి, ఒక్కదాని మీద కూడా సొన మచ్చ కనిపించకూడదు. తొడిమ విరిగినప్పుడు చిమ్మే ఆ జిగురుపాలు తొక్కను కాల్చి, మాగాక నల్లటి చారగా తేలతాయి కాబట్టి, కాయను తొడిమతో సహా కత్తిరించి, తలకిందులుగా ఆనించి, సొన పూర్తిగా కారాకే కడగాలి. ముప్పై, నలభై అడుగుల చెట్టు చిటారు కొమ్మ నుంచి చిక్కంతో లాగిన కాయకు ఇంత మర్యాద జరగడం కష్టం. కొమ్మ ఊపి రాల్చిన కాయకు అసాధ్యం. మాగబెట్టడం మరొక మెట్టు: కాల్షియం కార్బైడ్ వాడకం నిషిద్ధం, ఇథిలీన్ వాయువును అనుమతించిన మోతాదులో వాడాలంటే గది కావాలి, గది లేని రైతుకు గడ్డిపరుపే గతి.

దేశంలో మామిడి సగటు దిగుబడి హెక్టారుకు 9 టన్నులకు అటూఇటూగా ఉంది; అంటే ఎకరాకు సుమారు 3,600 కిలోలు, ఆ 40 చెట్లలో ఒక్కొక్కదానికి 90 కిలోలు. అందులో సగం కాయ పెట్టెకు పనికొచ్చిందని, రవాణా, అట్టపెట్టె, చెడిపోయిన కాయల ఖర్చులన్నీ పోను మండీ ధర కంటే కిలోకు 20 రూపాయలు మిగిలాయని ఉదారంగా అనుకుందాం. ఎకరాకు అదనంగా వచ్చేది 36,000 రూపాయలు. చిన్న రైతు ఇంట్లో అది చిన్న మొత్తం కాదు, ఆన్‌లైన్ అమ్మకానికి దక్కవలసిన గౌరవం ఆ మేరకు దక్కాలి. కాని ఆ లెక్క మొత్తంలో ఒక్క కిలో కూడా పెరగలేదన్నది గమనించాలి. పెరిగింది ధర, దాన్ని ఉత్పాదకతగా చూపించడం లెక్కల పుస్తకంలో ఒక వరుసను మరో వరుసలో రాయడం వంటిది.

ఆన్‌లైన్‌లో అమ్మే రైతుల తోటలు మిగతా తోటల కంటే బాగున్నాయి కదా అని కొందరు ఎదురు ప్రశ్న వేస్తారు. అర్థశాస్త్రంలో దీన్ని స్వయం ఎంపిక దోషమంటారు: పోల్చే రెండు వర్గాలు మొదటి నుంచీ వేరైనప్పుడు, వాటి మధ్య కనిపించే తేడాను మధ్యలో వచ్చిన మార్పుకు అంటగట్టడం. ఫోన్‌లో పండు అమ్మగలిగిన రైతుకు చాలాసార్లు ముందే బోరు, డ్రిప్పు, తోట దాకా తారురోడ్డు ఉంటాయి, అప్పు ఒత్తిడి తక్కువ కాబట్టి తోట గుత్తకివ్వకుండా ఆగగలడు, హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసే కొడుకో మేనల్లుడో తన అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో ఆర్డర్లు పోగేస్తాడు. (ఆన్‌లైన్ విప్లవంగా చెలామణీ అవుతున్నదానిలో ఈ మేనల్లుళ్ల పాత్ర ఎంతో తేల్చే పరిశోధన జరిగితే బాగుంటుంది.) బాగున్న తోట ఆన్‌లైన్‌కు వెళ్లింది; ఆన్‌లైన్‌కు వెళ్లి తోట బాగుపడిందనడం బండిని ఎద్దుకు ముందు కట్టడం.

చైనాను ఉదాహరణగా చూపడం కూడా ఇలాంటిదే. అక్కడ ఆన్‌లైన్ వ్యాపారం మీద బతికే ‘తావోబావ్ గ్రామాలు’ 2009లో 3 ఉండగా 2022 నాటికి 7,780 అయ్యాయని ఘనంగా చెబుతారు. ఆ గ్రామాల్లో ఎన్నో బట్టలు, ఫర్నిచరు, ఇంటి సామాను అమ్మేవని చెప్పరు. బొప్పి కట్టిన మామిడిపండును చొక్కాలా తిప్పిపంపి మళ్లీ అమ్ముకోవడం కుదరదన్న సంగతీ గుర్తుచేయరు.

ఇంటి దగ్గరి ఉదాహరణ ఇంతకంటే నేరుగా ఉంది. చిత్తూరు ప్రాంతపు తోతాపురి ప్రధానంగా గుజ్జు పరిశ్రమకు వెళ్లే కాయ. దాన్ని 5 కిలోల పెట్టెలో ఇంటికి తెప్పించుకునేవారు అరుదు. 2025లో ధర కుప్పకూలినప్పుడు ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం కిలోకు ఫ్యాక్టరీలు 8 రూపాయలు, తాను 4 రూపాయలు కలిపి 12 రూపాయలు దక్కేలా నిర్ణయించింది, కేంద్రం కూడా మార్కెట్ జోక్య పథకాన్ని వర్తింపజేసింది. ఫ్యాక్టరీ గేట్ల ముందు ట్రాక్టర్లు బారులు తీరిన ఆ రోజుల్లో ఏ డిజిటల్ వేదికా వాటిని ఖాళీ చేయించలేకపోయింది.

ఆన్‌లైన్ అమ్మకానికి ఉత్పాదకతతో సంబంధమే లేదని దీని అర్థం కాదు. కాయను తానే అమ్ముకునే రైతు డబ్బు చూసేది మే, జూన్ నెలల్లో, సరిగ్గా కొమ్మ కత్తిరింపుకూ ఎరువుకూ ఖర్చు పెట్టవలసిన వేళ. మచ్చలేని కాయకు ధర పలుకుతుందని తెలిస్తే పిందెలకు కవర్లు కడతాడు, పండు ఈగకు ఎరలు పెడతాడు, పారవేసే కాయ తగ్గి అమ్మకానికి పనికొచ్చే దిగుబడి పెరుగుతుంది. కాని ఈ గొలుసు మొదలు కావాలంటే కాపు జనవరిలో చేయి దాటకూడదు, అది దాటకుండా ఉండాలంటే బయానాకు బదులుగా రైతుకు మరో చోట నుంచి డబ్బు అందాలి.

విధానం ఇక్కడే ముఖం చాటేస్తోంది. వ్యవసాయ మార్కెట్లను ఆన్‌లైన్‌లో కలిపే కేంద్ర ప్రభుత్వ వేదిక ఈ-నామ్ మొదలైన 2016 నుంచి 2024 నాటికి 1,389 మార్కెట్లు దానిలో చేరాయి. 2020లో 6,865 కోట్ల రూపాయలతో పదివేల రైతు ఉత్పత్తిదారుల సంస్థల పథకం వచ్చింది. అమ్మడానికి వేదికల కరువేమీ లేదు. మరి చెట్టుకు కేటాయించినదెంత? సమీకృత ఉద్యాన అభివృద్ధి మిషన్ 2014 మార్గదర్శకాల్లో ముదురు తోటల పునరుద్ధరణకు, అంటే పాత చెట్టును ఎత్తు తగ్గించి కొత్త కొమ్మలు రప్పించే పనికి, ఇచ్చిన సాయం హెక్టారుకు గరిష్ఠంగా 20,000 రూపాయలు, ఎకరాకు లెక్కవేస్తే 8,000. చెట్టును అలా కొట్టాక చెప్పుకోదగ్గ కాపు రావడానికి రెండు, మూడేళ్లు పడుతుంది. ఎకరాకు 3,600 కిలోలను సంక్షోభకాలపు 12 రూపాయల ధరకే లెక్కగట్టినా ఏడాదికి 43,200, రెండేళ్లకు 86,400 రూపాయలు రైతు వదులుకోవాలి. 2025లో ఖర్చుల ప్రమాణాలు సవరించినా ఈ అగాధం పూడలేదు. 86,400 పోగొట్టుకుని 8,000 తీసుకొమ్మని చెప్పి, రైతు ముందుకు రాకపోతే అతనికి అవగాహన లేదని సదస్సులు పెట్టడం ఎవరి అవగాహనా లోపం?

ఎకరాలోని 40 చెట్లనూ ఒక్కసారే కొట్టనక్కరలేదు. ఏడాదికి 13, 14 చొప్పున మూడేళ్లలో ముగించవచ్చు, ఆ చెట్ల కాపు నష్టాన్ని ఏటా రైతు ఖాతాలో వేయవచ్చు, జూన్ నుంచి జనవరి దాకా పెట్టుబడికి గుత్తదారు బయానాతో పోటీపడే అప్పును బ్యాంకు ద్వారా ఇప్పించవచ్చు. ఇందులో కొత్త సాంకేతికత ఏదీ లేదు, ప్రారంభోత్సవానికి పనికొచ్చే తెర లేదు, అందుకే కాబోలు ఎవరికీ ఉత్సాహం లేదు. ఈ వేసవిలో ఇన్ని పెట్టెలు ఇంటింటికీ చేరాయని ప్రకటించుకోదలచిన శాఖలు, అదే ప్రకటనలో, కోతలు ముగిశాక ఎన్ని ఎకరాల్లో రంపం ఆడిందో, జనవరిలో ఎన్ని తోటలు గుత్తకు పోకుండా రైతు చేతిలోనే మిగిలాయో కూడా మండలాలవారీగా చెప్పాలి. అది చెప్పలేనివారు తమ నివేదికల నుంచి ఉత్పాదకత అన్న మాటను తీసేసి, అమ్మకాలు అని రాసుకోవాలి.