క్లబ్‌హౌస్ సరే, రాత్రి రెండింటికి ఎవరొస్తారు?

పిల్లలు డాలస్‌లోనో బెంగళూరులోనో స్థిరపడ్డాక, అరవై ఐదు దాటిన దంపతులకు ఇప్పుడు రెండు దారులు కనిపిస్తున్నాయి. ఒకటి సీనియర్ లివింగ్ కమ్యూనిటీ. ఊరి శివార్లలో ఫ్లాటు, భోజనశాల, వాకింగ్ ట్రాకు, సాయంత్రం భజన, ఆదివారం తంబోలా. రెండోది దీర్ఘకాలిక సంరక్షణ కేంద్రం. అక్కడుండేవి మంచాలు, నర్సులు, ఆయాలు. మొదటిదానికి పత్రికల్లో నిండు పేజీ ప్రకటనలు వస్తాయి. రెండోదాని సంగతి డిశ్చార్జి రోజున ఆస్పత్రి కారిడార్‌లో ఎవరో ఒక ఫోన్ నంబరు చేతిలో పెడితే తెలుస్తుంది.

ఒకే అవసరం తీర్చే రెండు సరుకులన్నట్టు జనం వీటిని పోల్చి చూస్తున్నారు. నిజానికి చాలామంది జీవితంలో ఇవి ఒకదాని వెనుక ఒకటి వస్తాయి. ఉన్న డబ్బంతా మొదటిదానికి పోసేసి, రెండోది వచ్చేనాటికి పిల్లల వైపు చూడటమే మన మధ్యతరగతి చేస్తున్న పొరపాటు.

వైద్యులు వాడే ఒక కొలమానం ఉంది. 1963లో అమెరికన్ వైద్యుడు సిడ్నీ కాట్జ్, ఆయన సహచరులు ప్రకటించారు. స్నానం చేయడం, బట్టలు వేసుకోవడం, మరుగుదొడ్డికి వెళ్లడం, మంచం మీంచి లేచి కుర్చీలో కూర్చోవడం, మలమూత్రాల మీద అదుపు, అన్నం తినడం. ఈ ఆరూ తనంతట తాను చేసుకోగలిగినంత కాలం మనిషికి కావలసింది మంచి ఇల్లు, నలుగురి తోడు, పిలిస్తే పలికే అంబులెన్సు. కమ్యూనిటీలు అమ్మేది సరిగ్గా అదే, వాటిలో బాగా నడిచేవీ ఉన్నాయి. ఆరింటిలో రెండు మూడు చేజారాయంటే మాత్రం కావలసింది మనిషి. పగలూ రాత్రీ పక్కనుండే మనిషి.

ఆ పని ఎలాంటిదో దగ్గరగా చూడనివాళ్లకు తెలియదు. మంచాన పడ్డవారిని సుమారు రెండు గంటలకోసారి పక్కకు తిప్పాలి. తిప్పకపోతే నడుము కింద, మడమల దగ్గర పుండ్లు పడతాయి, అవి ఒకపట్టాన మానవు. డెబ్బై కిలోల మనిషిని ఒక్క ఆయా తిప్పలేదు. ఇద్దరు అటొకరు ఇటొకరు నిలబడి, కింద పరిచిన గుడ్డను పట్టుకుని, చర్మం ఒరుసుకోకుండా ఒక్కసారిగా జరపాలి. ముక్కు గొట్టంతో ఆహారం ఇస్తున్నప్పుడు తలవైపు ఎత్తి ఉంచాలి, ఇచ్చాక కూడా కనీసం అరగంట దించకూడదు. దించితే అది ఊపిరితిత్తుల్లోకి పోయే ప్రమాదం ఉంది. ఇవన్నీ నేర్చుకుంటేనే వచ్చే పనులు. ఏజెన్సీలు పన్నెండు గంటల షిఫ్టుకు పంపే అటెండర్లలో చాలామందికి ఇవి నేర్పినవాళ్లు లేరు. నిన్నటిదాకా షాపులో పనిచేసిన అమ్మాయి ఇవాళ యూనిఫాం వేసుకుని వస్తుంది. తప్పు ఆమెది కాదు.

మతిమరుపు జబ్బుది ఇంకో తరహా. దేశంలో అరవై దాటినవారిలో 7.4 శాతం మందికి, అంటే దాదాపు 88 లక్షల మందికి డిమెన్షియా ఉందని 2023లో వెలువడిన జాతీయ అధ్యయనం అంచనా వేసింది. వీళ్లు నడవగలరు, తినగలరు, చాలాకాలం చక్కగా మాట్లాడగలరు కూడా. కానీ అర్ధరాత్రి లేచి, తలుపు తీసుకుని, ఎప్పుడో యాభై ఏళ్ల కింద వదిలొచ్చిన పుట్టింటికి బయలుదేరతారు. గేటు దగ్గరున్న సెక్యూరిటీ అతను "నమస్తే అమ్మగారూ" అని గేటు తీస్తాడు. మోకాళ్ల నొప్పులకు ర్యాంపులు, కమోడ్ పక్కన పట్టుకునే కడ్డీలు కట్టిన కమ్యూనిటీ ఈ జబ్బుకు సిద్ధమైనట్టు కాదు.

అందుకే మోడల్ ఫ్లాటు చూడ్డానికి వెళ్లినవాళ్లు మార్బుల్ మీద కాక ఒప్పందం మీద చూపు పెట్టాలి. "స్వతంత్రంగా జీవించగలిగిన నివాసులకు" అన్న మాట అందులో ఉందా? ఉంటే, ఆ శక్తి పోయిందని తేల్చేది ఎవరు? తేలాక సొంత ఖర్చుతో అటెండర్‌ను పెట్టుకోనిస్తారా, ఖాళీ చేయమంటారా? ఆవరణలోనే సంరక్షణ విభాగం ఉందని చెబితే, అందులో మంచాలెన్ని, ఇవాళ ఎన్ని నిండాయి, రాత్రి షిఫ్టులో నర్సు ఎవరు? ఇవి అడిగితే సేల్స్ కుర్రాడు కాస్త తడబడతాడు. అడిగి తీరాలి. వీలైతే రాత్రి తొమ్మిది దాటాక ఒకసారి వెళ్లి చూడాలి. పగటి పూట అన్నీ బాగానే కనిపిస్తాయి.

అప్పగించిన ఐదేళ్లలోపు కట్టడంలో లోపం బయటపడితే, బిల్డరే బాగుచేసి ఇవ్వాలని రెరా (స్థిరాస్తి నియంత్రణ) చట్టం చెబుతోంది. నర్సు రాకపోతే ఎవరు బాధ్యులో ఆ చట్టంలో లేదు. ఇల్లు ఒక కంపెనీది, సేవలు ఇంకో కంపెనీవి అయినచోట, రెండో కంపెనీ తప్పుకుంటే మిగిలేది మామూలు అపార్ట్‌మెంటే. రిటైర్మెంట్ హోమ్‌ల కోసం కేంద్ర గృహనిర్మాణ శాఖ 2019లో నమూనా మార్గదర్శకాలు ఇచ్చింది. మహారాష్ట్ర రెరా 2024లో తన నిబంధనలు తెచ్చింది. తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ రెరాలు ఆ దారి పట్టడానికి అడ్డేమీ లేదు.

ఇక డబ్బు. నెలకు అరవై వేలు సంరక్షణకు అవుతుందనుకుందాం. ఏటా ఎనిమిది శాతం పెరిగితే ఐదేళ్లకు 42 లక్షలు దాటుతుంది. ఇందులో మందులు, ఆస్పత్రి బిల్లులు లేవు. సాధారణ ఆరోగ్య బీమా ఆస్పత్రిలో చేరితే చెల్లిస్తుంది, ఏళ్ల తరబడి స్నానం చేయించడానికి, అన్నం తినిపించడానికి పెట్టుకున్న మనిషి జీతం ఇవ్వదు. డెబ్బై దాటిన అందరికీ ఆదాయంతో నిమిత్తం లేకుండా 2024 అక్టోబరులో మొదలైన ఐదు లక్షల ఆయుష్మాన్ భారత్ వర్తింపూ ఆస్పత్రి వైద్యానికే. తుంటి ఎముక విరిగితే శస్త్రచికిత్సకు డబ్బు దొరుకుతుంది. ఆ తర్వాత లేవలేకపోతే దొరకదు.

కనుక నా సలహా కాస్త మొండిగానే చెబుతాను. కమ్యూనిటీలో చేరాలనుకునే దంపతులు ఫ్లాటు కొనకూడదు. అద్దెకు చేరాలి, లేదా తిరిగొచ్చే డిపాజిట్ మీద చేరాలి. కొంటే ఆస్తి మిగులుతుంది కదా అంటారు. అవసరమైన నెలలో అమ్ముకోగలిగితేనే అది ఆస్తి. వయసు షరతు ఉన్న ఫ్లాటును కొనేవాళ్లు తక్కువ, పిల్లలకు వారసత్వంగా వచ్చినా వాళ్లు అందులో ఉండటానికి వీలుండకపోవచ్చు. అద్దె పెరుగుతుంది, ఖాళీ చేయమంటారేమో అన్న భయంలో నిజముంది. దానికి విరుగుడు మంచి ఒప్పందం, బ్యాంకులో కదలని డబ్బు.

ఆ డబ్బు ఎవరి కోసం అన్నదే అసలు సంగతి. మన ఇళ్లలో రిటైర్మెంట్ లెక్కలు చాలావరకు భర్త వయసు మీద నడుస్తాయి. ఆయనకు అరవై ఎనిమిది, ఆవిడకు అరవై రెండు అనుకుందాం. ఆయనకు పక్షవాతం వస్తే చూసుకునేది ఆవిడే. గొట్టాలు, డైపర్లు, రాత్రి మేల్కొనడాలు అన్నీ ఆవిడే. ఆయన పోయాక పెన్షన్ తగ్గుతుంది, ఫ్లాటు మెయింటెనెన్స్ తగ్గదు. ఆ తర్వాత ఎప్పుడో ఆవిడకు తుంటి విరుగుతుంది. అప్పుడు చూసేవాళ్లుండరు. ఆడవాళ్లు మగవాళ్ల కంటే ఎక్కువ కాలం బతుకుతారు, పెళ్లినాటికే భర్త కంటే చిన్నవాళ్లు. దీర్ఘకాలిక సంరక్షణ ఒంటరిగా అవసరమయ్యేది ఎక్కువగా భార్యకే. కమ్యూనిటీ ఎంపికలో ఆవిడ అభిప్రాయం మాత్రం "కిచెన్ బాగుందా?" దగ్గర ఆగిపోతుంది. ఇద్దరిలో ఒకరికి సంరక్షణ కావలసి, ఇంకొకరు నిక్షేపంగా ఉన్నప్పుడు ఒకరు ఫ్లాటులో, ఒకరు ముప్పై కిలోమీటర్ల అవతల కేంద్రంలో ఉండాల్సిన గతి పడుతుంది. ఒకే ఆవరణలో రెండూ ఉండటానికి ఎక్కువ డబ్బు పెట్టడం ఈ ఒక్క కారణానికైనా తగును.

ఇంట్లోనే ఉంచుకుని చూసుకునేవాళ్లే ఇప్పటికీ ఎక్కువ. ఆ ఇళ్లలో ఉద్యోగం మానేది కోడలో కూతురో. మానేసిన ఆ జీతాన్ని ఎవరూ ఖర్చు కింద రాసుకోరు.

ముసలితనం వేరు, మంచాన పడటం వేరు అని ప్రభుత్వాలకు తెలియక కాదు. ఆంధ్రప్రదేశ్‌లో 2024 జూలై నుంచి వృద్ధాప్య పింఛను నాలుగు వేలు, పక్షవాతంతో మంచానికో చక్రాల కుర్చీకో పరిమితమైనవారికి పదిహేను వేలు. ఆ తేడా సరైనదే. కానీ పదిహేను వేలకు చేసిపెట్టే శిక్షణ పొందిన మనిషి ఎక్కడ దొరుకుతారన్నది పింఛను పత్రంలో ఉండదు. తల్లిదండ్రులు, వయోవృద్ధుల పోషణ చట్టం 2007లో వచ్చింది. జిల్లాకు కనీసం ఒక ఆశ్రమం, అందులో 150 మందికి చోటు ఉండాలన్నది, అదీ నిరుపేదలకే. ఉన్నదంతా ఆస్పత్రికి పోసిన రిటైర్డ్ గుమాస్తాకు అక్కడా చోటు లేదు, ఖరీదైన కేంద్రంలోనూ లేదు. జపాన్ 2000లోనే సంరక్షణ బీమా పెట్టింది. నలభై దాటిన ప్రతి ఒక్కరూ ప్రీమియం కడతారు, అవసరాన్ని ఏడు స్థాయులుగా కొలిచి సేవలందిస్తారు. మనం అంత దూరం ఇప్పట్లో వెళ్లలేం.

వెళ్లగలిగిన దూరం ఒకటుంది. 2007 చట్టానికి సవరణ బిల్లు 2019 డిసెంబరులో లోక్‌సభకు వచ్చింది. సంరక్షణ కేంద్రాలే కాదు, ఇళ్లకు అటెండర్లను పంపే ఏజెన్సీలు కూడా రిజిస్టర్ చేసుకోవాలని, వాటికి కనీస ప్రమాణాలు ఉండాలని అందులో ఉంది. స్థాయీ సంఘం పరిశీలించింది, నివేదిక ఇచ్చింది. చర్చకు నోచుకోకుండానే 2024లో ఆ సభతోపాటు బిల్లూ మురిగిపోయింది. రెండు తెలుగు రాష్ట్రాల నుంచి లోక్‌సభలో 42 మంది ఉన్నారు. ఆ బిల్లును మళ్లీ తెమ్మని వాళ్లలో ఒక్కరైనా లేచి అడగాలి.