ఎండ దేశంలో నిండు బట్టే మేలు

వేసవి సెలవులకు పిల్లల వద్దకు దుబాయి, మస్కట్ బయలుదేరే తల్లిదండ్రులు తరచుగా అడిగే ప్రశ్న ఒకటున్నది: “అంత ఎండలో ఒళ్లంతా కప్పుకొని తిరగడం ఎలాగండీ డాక్టరుగారూ?” ఆ ప్రశ్నలోనే పొరపాటున్నది. ఒళ్లు కప్పుకోవడం ఆచారం కోసం పడే బాధ అనీ, కప్పుకోకపోవడమే ఆరోగ్యమనీ మనం నమ్ముతున్నాం. శరీరధర్మం అలా చెప్పదు.

మన చర్మపు ఉష్ణోగ్రత సుమారు 35 డిగ్రీలు. గాలి అంతకన్న వేడెక్కినప్పుడు దేహం తన వేడిని గాలికి ఇవ్వలేదు. పైగా గాలి నుంచే పుచ్చుకుంటుంది. అప్పుడు మిగిలేది ఒకే దారి, చెమట ఆరడం. ఒక లీటరు చెమట ఒంటిమీద పూర్తిగా ఆరితే దాదాపు 580 కిలోకేలరీల వేడి పోతుంది. కనుక బట్టకు రెండే పరీక్షలు: ఎండను ఆపుతున్నదా? గాలి ఆడనిస్తున్నదా? పొట్టి నిక్కరు మొదటి పరీక్షలో తప్పుతుంది. బిగుతు జీన్సు రెండవదానిలో తప్పుతుంది. వదులైన నిండు నూలుబట్ట రెండింటా నెగ్గుతుంది.

ఎడారిలో బెదూయిన్లు ధరించే నల్లని, తెల్లని వదులు అంగీలను పోల్చిన ఒక పరిశోధన 1980లో ‘నేచర్’ పత్రికలో వెలువడింది. నల్లబట్ట ఎక్కువ వేడెక్కినా, ఆ అదనపు వేడి చర్మాన్ని చేరలేదని తేలింది. అంతదూరం ఎందుకు? గుంటూరు మిరప చేలలో కాయలు కోసే స్త్రీలను చూడండి: చీర మీద పొడుగు చేతుల చొక్కా, తలకు గుడ్డ. వారికి ఏ శాసనమూ ఆ మాట చెప్పలేదు, ఎండే చెప్పింది.

అలాగని బిగుతు దుస్తుల మీద గాలి చొరని పాలిస్టరు ముసుగును నేను సమర్థించను. సౌదీ అరేబియా సైతం 2019లో పర్యాటక వీసాలు ప్రారంభించినప్పుడు విదేశీ స్త్రీలకు అబాయా తప్పనిసరి కాదన్నది. భుజాలు, మోకాళ్లు కప్పే మర్యాదైన దుస్తులు చాలునన్నది. అబూధాబిలోని షేక్ జాయెద్ మసీదులో, మస్కట్‌లోని సుల్తాన్ ఖాబూస్ మసీదులో స్త్రీలు తల కూడా కప్పుకోవాలి. అందుకు ఒక నూలు చున్నీ చాలు. దుస్తుల విషయంలో నిర్బంధం న్యాయమా అన్న చర్చ అవసరమైనదే. కాని ఆ చర్చలోకి ఎండను సాక్షిగా పిలవకండి. అది పొట్టి బట్టల పక్షాన సాక్ష్యం చెప్పదు.

ఒక హెచ్చరిక. గల్ఫ్ తీరంలో వేసవి గాలి తేమతో బరువెక్కి ఉంటుంది. చెమట సరిగా ఆరదు. అప్పుడు ఏ బట్టా పూర్తిగా కాపాడలేదు. మధ్యాహ్నం బయట తిరగకపోవడమే మందు. ఒంట్లో నీటిని తగ్గించే బీపీ మాత్రలు వాడేవారు ప్రయాణానికి ముందే తమ వైద్యుని సంప్రదించాలి. ఎండలో మనిషి మాట తడబడినా, మతి తప్పినా వడదెబ్బగానే భావించండి. వెంటనే నీడకు చేర్చి, పైబట్టలు తీసి, ఒంటిని నీళ్లతో తడిపి, విసురుతూ, ఆసుపత్రికి చేర్చండి. ఆ క్షణంలో సంకోచించకండి. మర్యాదకన్న ప్రాణం ముందు.