ఎలుక కోలుకుంది, మరి మనిషి?

పక్షవాతం తెప్పించిన ఎలుకకు హార్మోన్ ఇస్తే మెదడు వాపు తగ్గిందట. ఇలాంటి వార్త వస్తే ఐసీయూ బయట కూర్చున్న కుటుంబానికి ఆశ పుట్టడం సహజం. మెదడులో రక్తనాళం పూడుకుపోతే ఆ భాగం చచ్చుబడి, తర్వాతి రోజుల్లో ఉబ్బుతుంది. పుర్రె సాగదు కాబట్టి ఆ వాపు ఒత్తిడికి బాగున్న భాగమూ నలిగిపోతుంది. పరిస్థితి విషమిస్తే పుర్రె ఎముక కొంత తొలగించి చోటు కల్పిస్తారు. 2007లో వెలువడిన యూరప్ గణాంకాల ప్రకారం, 60 ఏళ్ల లోపు రోగుల్లో ఈ ఆపరేషన్ సకాలంలో చేయించుకున్నవారిలో 78 శాతం మంది ఏడాది తర్వాత బతికున్నారు. చేయించుకోనివారిలో 29 శాతమే.

కత్తి పెట్టకుండా మందుతోనే వాపు తగ్గితే? ప్రొజెస్టెరాన్ ఆ ఆశే రేపింది. మెదడు దెబ్బతిన్న ఆడ ఎలుకలు మగవాటికంటే బాగా కోలుకోవడం అమెరికా శాస్త్రవేత్త డొనాల్డ్ స్టీన్ గమనించారు. ఈ హార్మోన్ ఎక్కువున్న ఎలుకల్లో వాపు తక్కువని 1990లలో ఆయన బృందం చూపింది. పక్షవాతం ఎలుకల్లోనూ మెదడు నష్టం తగ్గినట్టు తర్వాతి ప్రయోగాల్లో కనిపించింది.

మనుషుల్లో దీన్ని పెద్దఎత్తున పరీక్షించింది తలకు గాయమైనవారిపై. 2007లో 100 మందిపై జరిగిన పరీక్ష ఊరించింది. 2014లో వెలువడిన రెండు భారీ పరీక్షలు మాత్రం (ఒకటి 882 మందితో, రెండోది దాదాపు 1,200 మందితో) ప్రయోజనం లేదని తేల్చేశాయి.

తేడా ఎక్కడొచ్చింది? ప్రయోగశాల ఎలుక సాధారణంగా వయసులో ఉన్నది, బీపీ, షుగర్ లేనిది. దానికి పక్షవాతం ఏ నిమిషంలో వచ్చిందో తెలుసు, మందూ సిద్ధంగా ఉంటుంది. మన రోగి అరవై దాటినవాడు. నిద్రలో చెయ్యి పడిపోతే తెల్లారాక గానీ ఇంట్లోవాళ్లకు తెలియదు. పైగా విఫల ప్రయోగాలు బయటికి రావడం అరుదు. పక్షవాతం చికిత్సలపై వచ్చిన 525 జంతు అధ్యయనాలను 2010లో ఒక బృందం జల్లెడ పడితే, మెదడు నష్టం తగ్గలేదని చెప్పినవి పదే.

అలాగని జంతు పరీక్షలు దండగ అనలేం. ముసలి ఎలుకలపై, బీపీ ఉన్నవాటిపై, ఆలస్యంగా మందిచ్చి చూడాలి. ఓటమినీ ప్రచురించాలి. లేకుంటే ఆ జీవాలూ, ప్రజాధనమూ వృథాయే. ఈలోగా మూతి వంకరపోయినా, మాట తడబడినా, చెయ్యి లేవకపోయినా వెంటనే ఆసుపత్రికి పరుగెత్తాలి. గడ్డను కరిగించే మందుకు సాధారణంగా ఉన్న గడువు నాలుగున్నర గంటలే.