పేరు దాచుకున్న రాతి శిలువ

పిల్లలూ!

ఒకే చోటికి మాటిమాటికీ వెళితే కొత్తగా చూసేదేముంటుందని మీరు అడగవచ్చు. ఈ నెల మిమ్మల్ని స్కాట్లండు దేశంలో ఒక రాయి దగ్గరికి తీసుకుపోతాను. ఒక్కసారి కాదు, నాలుగుసార్లు! ఆఖరున మీ ప్రశ్నకు మీరే జవాబు చెబుతారు.

మొదటిసారి 9వ శతాబ్దంలోకి పోదాం. పెర్త్ ప్రాంతంలో ఎర్న్ అనే నది పారుతున్నది. దాని దక్షిణపు ఒడ్డున ఫోర్టెవియట్ ఉన్నది. అది పిక్టులు అనే జనాన్ని ఏలే రాజుల నివాసం. నదికి ఆవలి వైపు గుట్టవాలు మీద ఇసుకరాతి శిలువ ఒకటి నిలబడి ఉన్నది. ఎత్తు 8 అడుగులకు పైమాటే. పిక్టులు సాధారణంగా పలకరాళ్ళ మీద శిలువ బొమ్మ చెక్కేవారు. ఇక్కడ మాత్రం రాతినే శిలువగా మలిచి నిలబెట్టారు.

దగ్గరికి వెళ్ళి చుట్టూ తిరిగి చూడండి. గుబురు మీసాలతో గుర్రమెక్కిన వీరుడొకడు కనిపిస్తాడు. ఇంకోచోట డాళ్ళూ, ఈటెలూ పట్టిన కాలిబంట్లు వరసగా నిలబడి ఉంటారు. ఒక పక్కన దావీదు హార్పు అనే తంత్రీవాద్యం మీటుతూ ఉంటాడు. బైబిలు కథలో గొర్రెలు కాచి, తరువాత రాజైనవాడు ఆయనే. అక్కడక్కడ తాళ్ళు మెలిపెట్టి ముడివేసినట్టు అందమైన అల్లికలున్నాయి. వెనకవైపు చదరపు పలకలో లాటిన్ అక్షరాలు కూడా చెక్కారు. ఆ పలకను గుర్తుంచుకోండి.

రెండోసారి వెయ్యేళ్ళు దాటాక వెళదాం. రాజులు లేరు, వారి నివాసం మట్టిలో కలిసిపోయింది. గుట్టవాలు వ్యవసాయ భూమి అయింది. శిలువ మాత్రం అక్కడే ఒంటరిగా ఉన్నది. దానిని డప్లిన్ శిలువ అంటున్నారు. పాతకాలపు వస్తువులంటే ఇష్టమున్నవారు అప్పుడప్పుడు వచ్చి చూసిపోతారు. 1903లో స్కాట్లండులోని ఇటువంటి రాళ్ళను వర్ణిస్తూ ఒక పెద్ద గ్రంథం వెలువడింది. అందులో దీనికీ చోటు దొరికింది. అయితే వెనకవైపు పలక చూసేవారికి బోడిగా కనిపించేది. దాన్ని చెక్కించిన వారెవరో, ఎవరి పేరు నిలబెట్టడానికి చెక్కించారో చెప్పగలవారు లేరు.

మరి అక్షరాలేమైనట్టు? ఇసుకరాయిలో కంటికి కనబడని సన్నని రంధ్రాలుంటాయి. వాననీరు వాటిలోకి ఇంకుతుంది. చలికి ఆ నీరు గడ్డకడుతుంది. 11 పాళ్ళ నీరు గడ్డకడితే సుమారు 12 పాళ్ళ మంచు అవుతుంది. చోటు చాలక ఆ మంచు రాతిని లోపలినుంచి నెడుతుంది. అప్పుడు రాతి పైపొర రేణువు రేణువుగా రాలిపోతుంది. ఇలా వెయ్యికి పైగా చలికాలాలు గడిచాయి. అక్షరాలు అరగక ఏమవుతాయి?

మూడోసారి 1990ల తొలి సంవత్సరాల్లోకి రండి. పండితులు ఆ బోడి పలకనే మళ్ళీ శ్రద్ధగా పరీక్షించారు. అందులో అక్షరాల ఆనవాళ్ళున్నాయి! కాథరిన్ ఫోర్సైత్ అనే పండితురాలు వాటిని పరిశోధించి, 1995లో తన వ్యాసం ప్రచురించింది. రాత చాలావరకు చెరిగిపోయినా ఒక పేరు దొరికింది: కుస్తాంతీన్ ఫీలియుస్ ఫిర్కుస్. లాటిన్‌లో ఫీలియుస్ అంటే కొడుకు. అంటే ఫెర్గస్ కొడుకు కాన్‌స్టంటైన్ అన్నమాట! ఆయన క్రీ. శ. 789 నుంచి 820 వరకు పిక్టులను ఏలిన రాజు. మరికొన్ని చలికాలాలు గడిచి ఉంటే ఆ పేరు కూడా రాలిపోయేదేమో!

అరిగిన రాతలు ఎలా కనిపిస్తాయో మీరే పరీక్షించి చూడవచ్చు. బాగా అరిగిన నాణెమొకటి తీసుకోండి. రాత్రివేళ దీపాలార్పి, టార్చిలైటును నాణేనికి ఎదురుగా పట్టండి. అంతా చదునుగా ఉంటుంది. ఇప్పుడు లైటును పక్కకు దించి, వెలుగు నాణెం అంచునుంచి ఏటవాలుగా పడేటట్టు చేయండి. చిన్న గుంటలో కూడా నీడ నిలిచి, గీతలు తేలివస్తాయి. శాసనాలు చదివేవారు ఈ ఉపాయాన్ని తరచుగా వాడతారు.

ఇక నాలుగోసారి. పేరు దొరికింది సరే, దాన్ని కాపాడేదెలా? గుట్టమీదే ఉంచితే వానా మంచూ తినేస్తాయి. కదిలిస్తే, ఏ నదిని, ఏ రాజనివాసాన్ని చూస్తూ నిలబడిందో వాటికి దూరమవుతుంది. రెండింటిలోనూ నష్టముంది. మీరైతే ఏం చేసేవారు?

చివరికి కదిలించడమే మంచిదని తేల్చారు. శిలువ కొంతకాలం ఎడింబరోలోని మ్యూజియంలో ఉన్నది. 2002లో డన్నింగ్ అనే ఊరికి, సెయింట్ సెర్ఫ్ పేరుగల పాత చర్చిలోకి చేరింది. ఆ చర్చి గోపురం 12వ శతాబ్దం నాటిది. పాత గుట్ట అక్కడికి కొద్ది మైళ్ళ దూరమే. శిలువ తన చోటికి పోలేదు గాని, తన సీమకు తిరిగివచ్చింది. ఇప్పుడు దాని నెత్తిన కప్పు ఉన్నది.

చూశారా? రాయి అదే, పలక అదే. ఇంతకాలం బోడిగా కనిపించినచోట ఒక రాజు పేరున్నది! మీ ఊరి గుడిలోనో, చెరువుగట్టునో శాసనం చెక్కిన పాతరాయి ఉంటే, పొద్దు వాలే వేళ వెళ్ళి చూడండి. ఏటవాలు ఎండలో మధ్యాహ్నం కనబడని అక్షరం కనబడవచ్చు. కాని మేకుతో గీకకండి, సున్నమూ రంగూ పూయకండి. కనిపించింది కాగితం మీద రాసుకొని మీ మాస్టారికి చూపించండి.

వచ్చే నెల మరొక రాయి దగ్గర కలుసుకుందాం.