హెచ్-1బి ఫైల్‌లో కులం ఎక్కడ దాక్కుంటుంది?

2025 సెప్టెంబర్ 19న అమెరికా అధ్యక్షుడు ట్రంప్ కొత్త హెచ్-1బి దరఖాస్తులపై లక్ష డాలర్ల రుసుం వేస్తూ సంతకం పెట్టగానే తెలుగు చానెళ్లన్నీ గగ్గోలు పెట్టాయి. పెళ్లి సంబంధాలు చెడిపోతాయని ఒకరు, రియల్ ఎస్టేట్ పడిపోతుందని ఇంకొకరు. ఆ చర్చల్లో మన వాడల నుంచి అప్పు చేసి, స్కాలర్‌షిప్ తెచ్చుకుని వెళ్లిన పిల్లల ఊసు ఎక్కడా రాలేదు. ఆమోదం పొందే హెచ్-1బి దరఖాస్తుల్లో 70 శాతానికి పైగా భారతీయులవే. ఆ భారతీయుల్లో ఎవరు ఏ కులం అన్న లెక్క మాత్రం ఎవరూ తీయరు. అమెరికా ఫారాల్లో కులం గడి లేదు కాబట్టి అక్కడ కులం లేదని నమ్మించడం సులువు.

మేము రుసుం గురించి కాదు, ఫైల్ గురించి మాట్లాడదలచుకున్నాం. స్పాన్సర్‌షిప్ కాగితాలు ఎవరు తయారు చేస్తారు, ఎవరి మాట ప్రకారం తయారు చేస్తారు అన్నదే అసలు ప్రశ్న.

హెచ్-1బిలో దరఖాస్తుదారు ఉద్యోగి కాదు, కంపెనీ. ముందుగా అమెరికా కార్మిక శాఖకు లేబర్ కండిషన్ అప్లికేషన్ (ఎల్‌సీఏ) పెట్టాలి. ఉద్యోగం పేరు, పనిచేసే చోటు, జీతం, వేతన స్థాయి అందులో ఉంటాయి. తర్వాత ఐ-129 ఫారం, పని వివరాలతో కంపెనీ లేఖ, మన డిగ్రీ అమెరికా డిగ్రీకి సమానమని చెప్పే మదింపు వెళ్తాయి. లాయర్‌కు ఫీజు ఇచ్చేది కంపెనీ. పని వివరాలు లాయర్‌కు రాసి పంపేది సాధారణంగా మేనేజర్. ఆ మేనేజర్ మన దేశం వాడే అయితే, ఇంటి పేరు, ఊరి పేరు, తండ్రి పేరు చూసి ఏం అంచనా వేస్తాడో మన పాఠకులకు వివరించనక్కర్లేదు.

ఇప్పుడు ఆ రాతకు విలువ ఇంకా పెరిగింది. ఏటా 85,000 వీసాల కోసం జరిగే లాటరీలో అందరికీ సమాన అవకాశం ఉండేది. కొత్త నిబంధన వేతన స్థాయిని బట్టి అవకాశాలు పెంచుతోంది. నాలుగో స్థాయి వాళ్ల పేరు నాలుగుసార్లు పడితే, ఒకటో స్థాయి వాళ్లది ఒక్కసారే. ఆ ఉద్యోగానికి, ఆ ప్రాంతానికి ఉన్న వేతన స్థాయిల్లో కంపెనీ ఇస్తామన్న జీతం దేన్ని అందుకుంటుందన్నదాన్ని బట్టి లాటరీలో ఆ స్థాయి తేలుతుంది. ఒకే బృందంలో ఒకే పని చేసే ఇద్దరిలో ఒకరి పనిని సీనియర్ పనిగా రాసి ఎక్కువ జీతం, మరొకరి పనిని ప్రారంభ స్థాయి పనిగా రాసి తక్కువ జీతం చూపిస్తే తేడా జీతంతో ఆగదు. అమెరికాలో ఉండటమా, తిరుగు విమానం ఎక్కడమా అన్నదీ తేలిపోతుంది. అమెరికాలో చదువుకుని అక్కడే హెచ్-1బికి మారేవారికి లక్ష డాలర్ల రుసుం వర్తించదని 2025 అక్టోబర్ 20న వలస శాఖ స్పష్టం చేసింది. కానీ ఆ మార్పు పూర్తి కాకముందే దేశం దాటితే రుసుం మీద పడుతుంది. అమ్మకు బాగోలేదని కబురొచ్చినా కదల్లేని పరిస్థితి. కాగితాలు చేతిలో ఉన్నవాడి పట్టు అంతగా బిగిసింది.

గ్రీన్‌కార్డు దగ్గర పరిస్థితి ఇంకా గడ్డు. పెర్మ్ అనే కార్మిక ధ్రువీకరణకు ఎవరి ఫైల్ ముందు మొదలుపెట్టాలో కంపెనీ ఇష్టం. భారతీయుల క్యూ పదేళ్లకు పైగా సాగుతుంది కాబట్టి ఒక్క ఏడాది ఆలస్యంగా ఫైల్ వేసినా వెనక్కి పోయే స్థానం చాలా. పైగా ప్రస్తుత కంపెనీలో సంపాదించిన అనుభవాన్ని సాధారణంగా లెక్కలోకి తీసుకోరు. పాత కంపెనీల నుంచి చేసిన పని వివరాలతో అనుభవ లేఖలు తేవాలి. హైదరాబాద్‌లో ఏ అమీర్‌పేట సందులోనో పనిచేసిన చిన్న కంపెనీ మూతపడి ఉంటుంది. అప్పుడు పాత మేనేజరో, సహోద్యోగో ప్రమాణపత్రం రాసివ్వాలి. బాబాయిలు, బావమరుదులు కన్సల్టెన్సీలు నడిపే కులాలకు ఇది ఒక్క ఫోన్ కాల్ పని. ‘రిజర్వేషన్ క్యాండిడేట్’ అని చాటుగా నవ్విన మనిషినే మళ్లీ బతిమాలుకోవాల్సిన వాళ్లకు అది కాగితం పని కాదు, అవమానం.

మరి ఫిర్యాదు చేయొచ్చు కదా అంటారు. 2020 జూన్‌లో కాలిఫోర్నియా ప్రభుత్వం సిస్కోపై వేసిన కేసు గుర్తుందిగా. దళిత ఇంజినీర్ కులాన్ని పై అధికారి తోటివారికి బయటపెట్టాడని, ప్రశ్నించినందుకు కక్ష సాధించారని అందులో ఆరోపణ. 2023 ఏప్రిల్‌లో ఇద్దరు అధికారులపై కేసును ప్రభుత్వమే ఉపసంహరించుకుంది. కంపెనీపై మాత్రం కొనసాగింది. అదే ఏడాది ఫిబ్రవరిలో సియాటిల్ నగరం కుల వివక్షను నిషేధించింది. అక్టోబర్‌లో కాలిఫోర్నియా బిల్లును గవర్నర్ వీటో చేశాడు. ఇక హెచ్-1బి మీద ఉన్నవాడికి ఉద్యోగం పోతే మిగిలేది గరిష్ఠంగా 60 రోజులు. ఆ గడువు తలకిందపెట్టుకుని ఎవరు నోరు విప్పుతారు?

మన దగ్గర మొదలయ్యే చిక్కులూ తక్కువేం కాదు. ఇంట్లో పుట్టిన పిల్లలకు జనన ధ్రువపత్రం ఉండదు. టెన్త్ మెమోలో ఒక పేరు, పాస్‌పోర్టులో ఇంటి పేరు వేరే స్పెల్లింగ్. చర్చిలో పెట్టిన పేరు ఒకటి, బడిలో రాయించిన పేరు ఒకటి. ఈ రెండు పేర్ల బతుకు మన సరదా కాదు. క్రైస్తవంలోకి వెళ్తే ఎస్సీ హోదా పోతుందన్న 1950 రాష్ట్రపతి ఉత్తర్వు నెత్తిన పెట్టింది. గ్రీన్‌కార్డు చివరి దశలో జనన పత్రం అడిగినప్పుడు అవన్నీ ఒకేసారి బయటపడతాయి. పుట్టిన ఏడాది దాటాక నమోదు చేయించాలంటే రెవెన్యూ అధికారి ఉత్తర్వు కావాలి. అమెరికా నుంచి తహసీల్దారు కార్యాలయం చుట్టూ తిరిగేదెవరు? కూలికి పోయే నాన్నే.

చట్టంలో కొన్ని రక్షణలున్నాయి, అవి మన పిల్లల చెవిన పడాలి. పనిలో చేరే రోజుకల్లా ఎల్‌సీఏ ప్రతి ఉద్యోగికి ఇవ్వాలి. పెర్మ్ లాయర్ ఫీజు ఉద్యోగి నుంచి వసూలు చేయకూడదు. ప్రాజెక్టు లేదని జీతం ఆపి బెంచ్ మీద కూర్చోబెట్టకూడదు. అలా చేస్తే 12 నెలల్లోపు డబ్ల్యూహెచ్-4 ఫారంతో కార్మిక శాఖకు ఫిర్యాదు ఇవ్వొచ్చు. ఐ-140 ఆమోదం పొంది 180 రోజులు దాటాక కంపెనీ దాన్ని వెనక్కి తీసుకున్నా, మోసం లాంటి కారణాలు లేనంతవరకు క్యూలో తేదీ మన పేరునే ఉంటుంది. కంపెనీ ఆ కాగితం చూపించకపోతే సమాచార హక్కు చట్టం లాంటి అక్కడి ‘ఫోయా’ కింద నేరుగా వలస శాఖకు దరఖాస్తు పెట్టొచ్చు.

తెలంగాణ ప్రభుత్వం అంబేడ్కర్ ఓవర్సీస్ విద్యానిధి కింద ఎస్సీ, ఎస్టీ విద్యార్థికి 20 లక్షల రూపాయల వరకు ఇస్తోంది. పోరాడి సాధించుకున్న డబ్బది. దానితోపాటు జనన పత్రం, పేర్ల సవరణ పని విమానం ఎక్కకముందే ఎస్సీ సంక్షేమ శాఖే పూర్తి చేయించాలని, వలస చట్టం తెలిసిన లాయర్ సలహా ఉచితంగా అందించాలని మేము అడుగుతున్నాం. అక్కడున్న అంబేడ్కరైట్ సంఘాలు ఏటా జయంతి సభలు ఘనంగా చేస్తున్నాయి, సంతోషం. ఆ సభల్లో ఒక గంట ఈ కాగితాలకు ఇస్తే బాగుంటుంది. ఇక్కడ ఉద్యోగం చేసి వెళ్లబోయే పిల్లలు మాత్రం ఎవరి కోసమూ ఆగొద్దు. చేసిన పని, తేదీలు, హోదా వివరంగా రాసిన అనుభవ లేఖను రాజీనామా ఇవ్వకముందే, కంపెనీ లెటర్‌హెడ్ మీద సంతకంతో తీసుకోండి.