ర్యామ్ కొనమనే ముందు స్లాటు చూడమనండి

సంపాదకుల వారికి,

కిందటి సంచిక కంప్యూటర్ శీర్షికలో టొరంటో పాఠకురాలికి మీరిచ్చిన జవాబు చదివి ఒళ్లు మండింది. డెస్క్‌టాప్ ఒకరోజు 32 జీబీ, మరోరోజు 16 జీబీ చూపిస్తోందని ఆవిడ అడిగితే, ర్యామ్ మార్చండి, కుదరకపోతే మెషీనే మార్చండి అని రెండు ముక్కల్లో తేల్చేశారు. 2025 చివరి నుంచి ర్యామ్ ధరలు ఎక్కడికి పోయాయో మీకు తెలియదా? ఏఐ డేటా సెంటర్ల గిరాకీ చూసి, ర్యామ్ తయారుచేసే మైక్రాన్ తన క్రూషియల్ బ్రాండు అమ్మకాలకే స్వస్తి చెబుతానని ఆ డిసెంబరులో ప్రకటించింది. ఇలాంటప్పుడు ఇదా సలహా?

సరిగ్గా ఆవిడకొచ్చిన తంటాయే మా ఇంట్లోనూ వచ్చింది. పొద్దున బేస్‌మెంట్ చల్లగా ఉన్నప్పుడు ఒక ర్యామ్ కనపడదు. కాసేపు నడిచాక రీస్టార్ట్ చేస్తే రెండూ కనపడతాయి. మా అబ్బాయి యూనివర్సిటీ ప్రాజెక్టు చేసుకుంటుంటే మధ్యలో బ్లూ స్క్రీన్. ఊళ్లో ఒక షాపువాళ్లు ఏ పరీక్షా చెయ్యకుండా కొత్త జత అంటగట్టారు. వారం తిరక్కుండా మళ్లీ అదే. అడిగితే మదర్‌బోర్డు పోయింది, కొత్త సిస్టమ్ తీసుకోండి అన్నారు. ప్యాకింగ్ విప్పిన ర్యామ్ వాపసు తీసుకోం అన్నారు!

ఇక నేనే కూర్చున్నాను. ఒకే ర్యామ్‌ను ఒక్కో స్లాటులో పెట్టి, ర్యామ్‌ను పరీక్షించే మెమ్‌టెస్ట్86+ రాత్రంతా నడిపాను. రెండోదానితోనూ అలాగే చేశాను. ‘ఎ’ ఛానెల్ స్లాట్లలో రెండూ శుభ్రంగా పనిచేశాయి, ‘బి’ ఛానెల్‌లో రెండూ తప్పాయి. అంటే తప్పు ర్యామ్‌ది కాదు. మెమరీ కంట్రోలర్ ఇప్పుడు ప్రాసెసర్‌లోనే ఉంటుంది. ఏఎండీ 2003లో అథ్లాన్ 64తో, ఇంటెల్ 2008లో నెహాలెమ్‌తో ఆ దారి పట్టాయి. కాబట్టి స్లాటులో కనపడే జబ్బుకు మూలం ప్రాసెసర్ సాకెట్‌లో ఉండొచ్చు. మాది ఇంటెల్. పిన్నులు సాకెట్‌లో ఉంటాయి, ప్రాసెసర్ వాటి మీద సమంగా అదుముకుని కూర్చోవాలి. కూలర్ చూస్తే ఒక మూల స్క్రూ బిగుసుకుపోయి ఉంది, ఎదుటి మూలది వేలితోనే తిరుగుతోంది. ప్రాసెసర్ తీసి టార్చి వేసి చూశాను, పిన్నేదీ వంగలేదు. పాత పేస్టు తుడిచి, కొత్తది రాసి, స్క్రూలు ఎదురెదురుగా కొద్దికొద్దిగా బిగించాను. ‘బి’ ఛానెల్ తిరిగొచ్చింది, ఇంతవరకూ మళ్లీ పోలేదు. మరి మదర్‌బోర్డు పోయిందన్న మాట ఏమైనట్టు?

ఇంకో సంగతి. మీ పంచాంగంలో తిథులకు హైదరాబాదు సమయాలే వేస్తున్నారు. చలికాలంలో మా ఎడ్మంటన్‌కూ హైదరాబాదుకూ పన్నెండున్నర గంటల తేడా. ఏకాదశి ఉపవాసం ఏ రోజుండాలో మా ఆవిడ ప్రతిసారీ లెక్కలు వేసుకోవాల్సి వస్తోంది. ఇక్కడి పరిస్థితి చూడకుండా అచ్చేయడం మీకు అలవాటైపోయింది. ర్యామ్ సలహాలోనూ అంతే. హీటర్లు నడిచే ఇళ్లలో గాలి ఎండిపోయి, కార్పెట్ మీద నడిచి తలుపు పిడి ముట్టుకుంటే చురుక్కుమంటుంది. ఆ స్టాటిక్ కరెంటుకే ర్యామ్ చిప్పు పోవచ్చు. ప్లగ్గు పీకేసి, కేసు ఇనుమును ముట్టుకున్నాకే ర్యామ్ పట్టుకోవాలని ఒక్క వాక్యం రాశారా?

రిపేరు కోసం డిజిటల్ తాళాలు తెరవొచ్చని 2024 నవంబరులో కాపీరైట్ చట్టాన్నే సవరించుకుంది కెనడా. మన పత్రికేమో పారేసి కొనుక్కోమంటోంది. వచ్చే సంచికలో ఆవిడకు సరైన జవాబు వేయండి. ర్యామ్‌ను క్లిప్పు టక్కుమని పడేదాకా నొక్కమనండి. బయోస్‌లో ర్యామ్ వేగం పెంచే ఎక్స్‌ఎంపీ ఆపి, ఒక్కోదాన్నీ ఒక్కో స్లాటులో పరీక్షించమనండి. ఈలోగా ఆవిడ కొత్త మెషీనుకు డబ్బు కట్టేయకుండా ఉంటే అంతే చాలు.

— ఒక పాఠకుడు, ఎడ్మంటన్